ఊరోళ్లకు ఎర్కే, మరి కొత్తోళ్లకు?

పోయిన వానకాలం మా అమ్మమ్మ వాళ్ల ఊరి వాగులో ఒకాయన కొట్టుకుపోయాడు. వేరే జిల్లా మనిషి. పెళ్లికి వచ్చి, రాత్రి పూట తమ్ముణ్ణి బండి వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. తమ్ముడు తుమ్మకొమ్మ దొరకబట్టుకుని తెల్లారేదాకా వేలాడాడు. అన్న రెండో రోజు కింద చెక్‌డ్యాం దగ్గర దొరికాడు. పేపర్లో ఎప్పటిలాగే 'వాగు ఉధృతిని అంచనా వేయలేక' అని ఐదు లైన్లు వచ్చాయి.

ఆ తరువాతి ఆదివారం ఊరికి వెళ్లాను. బస్టాండు దగ్గరి హోటల్లో చాయ్ తాగుతుంటే అందరి నోటా అదే మాట. బాధగానే మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో ఇద్దరు ఆ రాత్రి నడుముకు తాళ్లు కట్టుకుని నీళ్లలోకి దిగినవాళ్లే. మాటల మధ్యలో ఒకాయన అన్నాడు: "ఊరోళ్లకు ఎర్కే గదా, ఆడ వంతెన కిందికి ఉంటదని. గాయన కొత్తోడాయె, ఏం జేస్తం." అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

హనుమకొండ బస్సెక్కాక ఆ మాట నన్ను వదల్లేదు. ఊరందరికీ తెలిసిన సంగతి ఆ ఒక్క మనిషికి ఎందుకు చేరలేదు? చేరవేయడం ఎవరి పని? మనకు తెలుసు కాబట్టి మన పని అయిపోయినట్టేనా?

అప్పటికి కొన్ని నెలలుగా నేను ఒక దీపస్తంభం చరిత్ర చదువుతున్నాను. స్కాట్లాండ్ తీరానికి దాదాపు 18 కిలోమీటర్ల దూరంలో, నడి సముద్రంలో, మునిగి తేలే ఒక రాతిగుట్ట మీద 200 ఏళ్లకు ముందు కట్టిన బెల్ రాక్ దీపస్తంభం. హోటల్లో విన్న మాటకు నాకు జవాబు అక్కడే దొరికింది. అందుకే వాగు దగ్గరికి మళ్లీ రావడానికి ముందు కాస్త దూరం వెళ్లాలి.

మోటుపల్లిలో మొదలైంది

వరంగల్ వాళ్లకు నీళ్లంటే చెరువులు, వాగులు, గోదావరి. సముద్రం చుట్టపుచూపుగా వెళ్లి చూసొచ్చేదే. మూడేళ్ల కింద నేను చీరాలలో రైలు దిగి మోటుపల్లి వెళ్లింది కూడా సముద్రం కోసం కాదు, గణపతిదేవుడి అభయ శాసనం కోసం. కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప చూస్తూ పెరిగినవాళ్లం. మా ఓరుగల్లు రాజు అంత దూరాన, ఉప్పుగాలిలో ఏం రాయించాడో దగ్గరగా చూడాలనిపించింది.

1244-45 నాటి శాసనం అది. గాలివానకు దారి తప్పి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నింటినీ వెనకటి రాజులు బలవంతంగా తీసుకునేవారు. గణపతిదేవుడు మాత్రం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా మీదే అని వర్తకులకు మాట ఇచ్చాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద అంత తెగింపు చేసినవాళ్ల సొమ్ము వాళ్లకే దక్కాలన్నాడు. కరుణతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఇస్తున్నానన్నాడు.

గుడి దగ్గర నిలబడి గర్వపడ్డాను. ఇప్పటికీ ఆ గర్వం తగ్గలేదు. ఎక్కడివాళ్లో, ఏ భాషవాళ్లో తెలియని మనుషులకు ఒక రాజు రాతి మీద మాట రాసి ఇవ్వడం చిన్న సంగతి కాదు. కానీ తిరుగు రైల్లో ఒక ఆలోచన వచ్చింది. ఆ అభయం ఓడ పగిలాక మొదలవుతుంది. మనిషి ఒడ్డుకు చేరితే అతని సొమ్ము అతనిదే. మరి ఓడ పగలకుండా ఉండడానికి ఎవరేం చేశారు? ఇంకో మాట కూడా తోచింది. పగిలిన ఓడ రాజుకు ఆదాయం అయినచోట, ముందు రాయి ఉందని అరిచి చెప్పేవాడు పుట్టడానికి చాలా కాలం పడుతుంది. ఆ ఆదాయాన్ని వదులుకోవడమే మొదటి మెట్టు. ఆ మెట్టు మా రాజు ఎక్కాడు. రెండో మెట్టు ఎక్కినవాళ్ల కోసం వెతుకుతూ నేను బెల్ రాక్ దగ్గరికి చేరాను.

రోజుకు రెండుసార్లు మాయమయ్యే గుట్ట

ఆ గుట్ట పాత పేరు ఇంచ్‌కేప్. సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు కొన్ని గంటలు మాత్రం, నాచు పట్టి, నాలుగడుగుల ఎత్తున కనిపిస్తుంది. పోటు వచ్చిందంటే దాని మీద 12 అడుగుల లోతు నీళ్లు. పైన సముద్రం మామూలుగానే ఉంటుంది. వెనకటి రోజుల్లో ఆర్బ్రోత్ మఠాధిపతి ఒకాయన దాని మీద గంట కట్టించాడని, అలలకు అది మోగేదని, ఒక సముద్రపు దొంగ దాన్ని ఊడపీకి చివరికి అదే గుట్టకు తగిలి మునిగాడని అక్కడ కథగా చెప్పుకుంటారు. బెల్ రాక్ అన్న పేరు అలా వచ్చింది.

ఎదురుగా ఉన్న ఆర్బ్రోత్ జాలర్లకు ఆ గుట్ట గురించి తరతరాలుగా తెలుసు. ఎప్పుడు తేలుతుందో, ఎప్పుడు మునుగుతుందో, ఎటు నుంచి తప్పుకోవాలో వాళ్లకు లెక్క. అయినా ఓడలు మునుగుతూనే ఉన్నాయి. 1799 డిసెంబరు తుపానులో ఆ తీరం పొడవునా డెబ్బైకి దగ్గరగా ఓడలు పోయాయి. అన్నీ ఈ గుట్టకు తగిలి పోయినవి కావు. దగ్గర్లోనే ఫోర్త్ నది ముఖం ఉంది, అక్కడికి చేరితే ప్రాణాలు దక్కుతాయి. కానీ చీకట్లో దారిలో ఈ గుట్ట ఎక్కడుందో తెలియక, భయపడి అటు రాకుండా వేరేచోట కొట్టుకుపోయినవి చాలా ఉన్నాయి. ఈ సంగతి నన్ను చాలాసేపు ఆపేసింది. రాయి ముంచేది తగిలినవాళ్లనే, అది ఎక్కడుందో తెలియని భయం దానికి తగలనివాళ్లను కూడా ముంచింది.

అప్పటికే రాబర్ట్ స్టీవెన్సన్ అనే యువ ఇంజనీరు అక్కడ దీపస్తంభం కట్టవచ్చని చెబుతున్నాడు. 1803లో పార్లమెంటుకు వెళ్లిన బిల్లు పాస్ కాలేదు. 1804 జనవరిలో యార్క్ అనే యుద్ధనౌక, 64 ఫిరంగులది, 490 మందికి పైగా మనుషులతో సహా కనబడకుండా పోయింది. ఒక్కరూ మిగల్లేదు. బెల్ రాకే మింగిందని అందరూ అనుకున్నారు. 1806లో చట్టం వచ్చింది. వర్తకుల ఓడలు డెబ్బై పోయినప్పుడు కదలనిది, రాజుగారి ఓడ ఒకటి పోతే కదిలింది. మా మామయ్య ఒకసారి అన్నాడు, "మన వాగు మీద పెద్ద వంతెన ఎందుకు రాదంటే, ఇంతవరకు కొట్టుకుపోయినోళ్లంతా బండి మీద వొయ్యేటోళ్లే" అని. ఆ మాట నిజమో కాదో నేను తేల్చలేను. యార్క్ కథ చదివినప్పుడు మాత్రం మామయ్య గుర్తొచ్చాడు.

పెద్ద ఇంజనీరు జాన్ రెన్నీ. గుట్ట మీద ఉండి కట్టించింది స్టీవెన్సన్. కీర్తి ఎవరిదన్న దాని మీద తరువాత వాళ్ల కొడుకులు కూడా పోట్లాడుకున్నారు. నాకు ఆ గొడవ మీద ఆసక్తి లేదు. రాయి మీద నిలబడి పని చేసినవాళ్ల మీదే ఉంది.

32 మంది, రెండు పడవలు

1807 ఆగస్టులో పని మొదలైంది. గుట్ట తేలినప్పుడు రెండు మూడు గంటలు పని, మునగగానే పడవలెక్కి పక్కన లంగరు వేసిన ఓడకు. మొదట ఉలులతో నాచు గీకాలి, తరువాత రాయి తొలవాలి. గట్టి రాయి, ఉలి మొనలు గంటలో అరిగిపోయేవి. ఒడ్డుకు పంపి సాన పట్టించే వీలు లేదు కాబట్టి కమ్మరి కొలిమిని గుట్ట మీదికే తెచ్చారు. జేమ్స్ డోవ్ అనే కమ్మరి మోకాలి లోతు నీళ్లలో నిలబడి పని చేసేవాడు. పైన ముఖానికి నిప్పు సెగ, కింద కాళ్లకు ఉత్తర సముద్రపు చలి. అల వస్తే కొలిమి ఆరిపోయేది. మా ఊళ్లో నాగళ్లకు కర్రు సాగగొట్టే కమ్మరి కొలిమి ముందు చిన్నప్పుడు గంటలు గంటలు కూర్చున్నాను. తిత్తి ఊదుడు ఒక్క క్షణం ఆగితే ఆయన ఎంత విసుక్కునేవాడో నాకు తెలుసు. పోటు తరుముకొస్తుంటే, ఆరిన నిప్పును మళ్లీ రాజేసుకుని, ఇంకో ఉలి మొన సాగగొట్టిన ఆ మనిషిని ఊహించుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

సెప్టెంబరు 2న జరిగింది మరీ కళ్లకు కట్టినట్టుంటుంది. ఆ రోజు గుట్ట మీద 32 మంది ఉన్నారు. వాళ్లను తెచ్చిన స్మీటన్ అనే ఓడ తాడు తెగి గాలికి దూరంగా కొట్టుకుపోయింది. పోటు వచ్చేలోపు అది తిరిగి రావడం కుదరదని స్టీవెన్సన్‌కు అర్థమైంది. మిగిలినవి రెండు చిన్న పడవలు. అందరూ వాటిలో పట్టరు. పనివాళ్లు తల వంచుకుని రాయి తొలుస్తున్నారు, ఓడ పోయిన సంగతి వాళ్లు చూడలేదు. నీళ్లు పెరిగి కొలిమి ఆరింది. ఒక్కొక్కరే పనిముట్లు సర్దుకుని పడవల దగ్గరికి వచ్చారు. మూడు ఉండాల్సినచోట రెండే ఉన్నాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. స్టీవెన్సన్ ఏదో చెప్పబోయాడు, నోరు ఎండిపోయి మాట రాలేదు. వంగి, రాతిగుంతలోని ఉప్పునీళ్లతో నోరు తడుపుకున్నాడు. లేచేసరికి ఎవరో "పడవ! పడవ!" అని అరిచారు. జేమ్స్ స్పింక్ అనే ఆర్బ్రోత్ పడవవాడు ఉత్తరాలు ఇవ్వడానికి వస్తున్నాడు. ఉత్తరాలు తెచ్చినవాడే వాళ్ల ప్రాణాలు తెచ్చాడు.

ఆ తరువాత గుట్ట మీద పొడవాటి దుంగలతో మంచె లాంటి ఇల్లు ఒకటి లేపారు, పనివాళ్లు అందులో ఉన్నారు. 1808 జులైలో పునాదిరాయి పడింది. 2,800 పైచిలుకు రాళ్లు. ఒక్కో రాయినీ ఒడ్డున చెక్కి, పక్క రాయిలో దిగి బిగుసుకునేలా, వడ్రంగి చెక్కలో చెక్క దిగగొట్టినట్టు మలిచారు. ఆర్బ్రోత్‌లో ఆ రాళ్లను బండి మీద రేవుకు లాగింది బాసీ అనే గుర్రం. అడుగున 42 అడుగుల వెడల్పు. మొదటి 30 అడుగులు లోపల ఖాళీ లేకుండా నిండు రాయి. మొత్తం ఎత్తు 115 అడుగులు. 1811 ఫిబ్రవరి 1న దీపం వెలిగింది. ఎరుపు ఒకసారి, తెలుపు ఒకసారి తిరుగుతూ కనబడేలా పెట్టారు. దూరం నుంచి చూసిన నావికుడు ఇది ఏ దీపమో పొరబడకూడదని.

మనుషులు పోకుండా కట్టలేదు. 1808లో జేమ్స్ స్కాట్ అనే 18 ఏళ్ల కుర్రాడు మునిగి చనిపోయాడు. ఇంటికి అతని సంపాదనే ఆధారం. అతని తమ్ముడు అదే పనిలో, అన్న స్థానంలో చేరాడు. ఆ తల్లి రెండో కొడుకును మళ్లీ ఆ నీళ్ల మీదికి ఎలా పంపిందో నాకు ఊహకు అందదు. మా వైపు బొంబాయి, దుబాయి పోయి శవమై వచ్చిన అన్న బాకీ తీర్చడానికి తమ్ముడు వీసా కోసం తిరగడం చూశాను కాబట్టి కొంత అర్థమవుతుంది.

ఇదంతా ఎవరి కోసం? స్పింక్ కోసం కాదు. అతనికి ఆ గుట్ట ఇంటి ముందు గడప లాంటిది. ఆ పేరు కూడా విననివాళ్ల కోసం, ఎక్కడో బయల్దేరి మొదటిసారి ఆ దారిన వస్తున్న ఓడ కోసం కట్టారు. అప్పుడు ఫ్రాన్స్‌తో యుద్ధం కూడా నడుస్తోంది. శత్రువు ఓడ వస్తే దానికీ ఆ దీపం కనబడుతుంది. ఇంకా వెనక, 1690ల్లో, ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఎడిస్టోన్ గుట్ట మీద విన్‌స్టాన్లీ అనే ఆయన మొదటి దీపస్తంభం కడుతున్నప్పుడు ఫ్రెంచి ఓడవాళ్లు అతన్ని పట్టుకుపోయారు. పద్నాలుగో లూయీ రాజు, నా యుద్ధం ఇంగ్లండుతో గానీ మనుషులందరితో కాదు అని అతన్ని విడిచిపెట్టాడని చెబుతారు. గణపతిదేవుడి మాట పక్కన పెట్టుకోదగ్గ మాట.

నా వాదన ఇంతే. ప్రమాదం గుర్తు పెట్టేది తెలియనివాడి కోసం. తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నా లెక్కలోకి రారు. ఒక ఊరి పక్క నుంచి రోడ్డు పోతున్నదంటే, ఆ ఊరి వాగు గురించి రోడ్డు మీద పోయే ప్రతి మనిషికీ చెప్పే బాధ్యత ఊరిది, ఆ రోడ్డు వేసినవాళ్లది.

టార్చిలైటు తాత

ఈ వాదన నేను ఇంట్లో కూర్చుని అల్లింది కాదు. ఆరేళ్ల కింద అదే వాగు దగ్గర నా ప్రాణం ఒకరు కాపాడారు.

శ్రావణమాసం. బావా నేనూ కారులో అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్తున్నాం. రాత్రి పది దాటింది, వాన పెద్దగా లేదు. వాగు ఇంకా రాలేదనుకుంటున్నాం. రోడ్డు మధ్యలో ఒక వెలుతురు అటూ ఇటూ ఊగింది. బావ బ్రేకు వేశాడు. యూరియా బస్తా కొప్పెర పెట్టుకుని, చేతిలో మూడు సెల్లుల టార్చితో ఒక ముసలాయన.

"ఆగుండ్రి బిడ్డా, ఆగుండ్రి! ముంగట వాగు వంతెన మీదికెల్లి పోతాంది."

దిగి చూస్తే మాకేం కనబడలేదు. తారురోడ్డు తడిసి మెరుస్తున్నట్టుంది, అంతే. ఆయన టార్చి కిందికి వేశాడు. మేం రోడ్డు అనుకున్నది నీళ్లు. మాకూ దానికీ ఇరవై అడుగులు కూడా లేదు. పైన వాన లేకపోయినా ఎగువన ఎక్కడో చెరువు మత్తడి దుంకిందట. ఆయన కొబ్బరికాయంత రాయి ఒకటి తెచ్చి నీళ్ల అంచున పెట్టాడు. "గిది మునిగిందంటే పెరుగుతాందన్నట్టు" అన్నాడు. ముగ్గురం రాయి చూస్తూ నిలబడ్డాం. పావుగంటలో రాయి చుట్టూ నీళ్లు వచ్చాయి, మెల్లగా పైకి ఎక్కాయి, రాయి పోయింది. చప్పుడు కూడా లేదు.

ఆయన మేకల కాపరి. ఎవరూ పెట్టలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. "ఊరోళ్లకు చెప్తున్నవా తాతా?" అని అడిగాను. "ఊరోళ్లకు నేనెందుకు చెప్పాలె బిడ్డా, ఆళ్లకు ఎర్కే. గీ రోడ్డు మీద వొయ్యే కొత్తోళ్లకే ఎర్క లేదు. గందుకే నిలవడ్డ." హోటల్లో అన్నదీ అదే మాట. ఒకరు ఆ మాట అని చాయ్ తాగారు, ఒకరు ఆ మాట అని వానలో నిలబడ్డారు. ఆ హోటల్లో తలూపినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరినీ తప్పుపట్టే హక్కు నాకు లేదు.

పోయిన ఏడు ఆ పెళ్లి మనుషులు వచ్చిన రాత్రి తాత వాగు దగ్గర లేడు. జ్వరం వచ్చి వరంగల్‌లో కూతురింట్లో ఉన్నాడు. తిరిగి వచ్చాక సంగతి తెలిసి రెండు రోజులు అన్నం తినలేదని ఆయన కోడలు చెప్పింది.

దీపం వెలగని రాత్రి

తాత సంగతి విన్న రాత్రే నేను 1915 నాటి సంగతి చదివాను. మొదటి ప్రపంచ యుద్ధం. శత్రువుకు దారి తెలియకూడదని బెల్ రాక్ దీపం మామూలుగా ఆర్పి ఉంచేవారు, అవసరమైనప్పుడు అడిగితే వెలిగిస్తారు. అక్టోబరు 28 తెల్లవారుజామున ఆర్గైల్ అనే పెద్ద యుద్ధనౌక ఆ దారిన వస్తోంది. దీపం వెలిగించమని ముందే కబురు పంపింది. కానీ బెల్ రాక్‌లో రేడియో లేదు. కబురు దీపం దగ్గరికి చేరలేదు. చేరలేదన్న కబురు ఓడకూ చేరలేదు. 104 ఏళ్లుగా స్తంభం నిలబడి ఉన్న ఆ గుట్టకే ఆర్గైల్ తగిలి పోయింది. అదృష్టం, మనుషులందరూ బతికారు, 650 మందికి పైగా.

స్తంభం ఉంది, రాయి ఒక్కటీ కదల్లేదు, కాపలావాళ్లు లోపలే ఉన్నారు. ఆ ఒక్క రాత్రి వెలుగు లేదు. మా వాగు దగ్గరా అంతే జరిగింది. ఒక మంచి మనిషి దయ మీద ఆధారపడిన రక్షణ, ఆ మనిషికి జ్వరం వచ్చిన రాత్రి ఉండదు. తాత చేసింది గొప్ప పని అనడానికి నాకు సందేహం లేదు. ఆ గొప్పతనం చూసి ఊరు నిశ్చింతగా పడుకోవడమే తప్పు.

ఎదురుమాటలు

ఈ సంగతి నలుగురితో అంటే నాకు ఎదురొచ్చిన మాటలు ఉన్నాయి. వాటిలో బలం ఉంది కూడా.

ఒకటి, చెప్పినా వినరు. 'స్థానికులు వారిస్తున్నా వినకుండా' అన్న వార్త ప్రతి వానకాలం వస్తుంది. నిజమే. తాతను కూడా తిట్టి ముందుకు పోయిన లారీవాళ్లు ఉన్నారట. కానీ వినని పదిమంది ఉన్నారని, వినే వందమందికి చెప్పకుండా ఉంటామా? మేం విన్నాం. బావకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

రెండోది డబ్బు. బెల్ రాక్‌కు మొదట వేసిన అంచనా 42 వేల పౌండ్ల పైచిలుకు, చివరికి అయింది 61 వేలకు పైన. ఆ రోజుల్లో చాలా పెద్ద మొత్తం. అది ఓడల దగ్గర వసూలు చేసే సుంకంతో తీరింది. మా వాగు మీద పోయేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేయలేం. ప్రతి వాగు మీదా ఎత్తు వంతెన కట్టమంటే డబ్బు ఎక్కడిది? ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎత్తు వంతెన కావాలి, అడుగుతూనే ఉండాలి. అది వచ్చేదాకా గుర్తు పెట్టడానికి అంత డబ్బు అక్కర్లేదు.

మూడోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఎప్పుడూ ఉండే హెచ్చరికను ఎవరూ నమ్మరు. వాగు అవతల 'ప్రమాదం' అని రేకు బోర్డు ఒకటి ఉంది. ఎండాకాలం కూడా ప్రమాదమే అంటుంది, వానకాలం కూడా అదే అంటుంది. సగం అక్షరాలు పోయాయి, మిగతా సగం మీద ట్యూషన్ సెంటర్ పోస్టర్ ఉంది. దాన్ని నమ్మి ఎవరాగుతారు? హెచ్చరిక అబద్ధం చెప్పకూడదు. నీళ్లు ఎంత ఉన్నాయో అంతే చెప్పాలి.

ఇంకో సంగతి, ఇది ఎవరూ అనలేదు, నాకే తట్టింది. ఊరివాళ్లకు తెలుసు అన్న మాట కూడా పాతబడిపోయింది. బెల్ రాక్ గుట్ట నిన్న ఉన్నచోటే నేడూ ఉంది. మా వాగు అలా కాదు. ఇసుక తీసిన గుంతలతో, మోకాలి లోతు ఉన్నచోట నిలువు లోతు అయింది. నేను చిన్నప్పుడు ఈత నేర్చుకున్న మడుగు ఇప్పుడు మా పిల్లలకు చూపించడానికి భయం. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లిలో, కొండాయిలో నీళ్లు ఇళ్ల మీదికి వచ్చాయి. అక్కడివాళ్లు పుట్టినప్పటి నుంచీ ఆ వాగులు చూస్తున్నవాళ్లే. ఆ రోజు వాళ్లు కూడా కొత్తవాళ్లే అయ్యారు.

రోజూ ఎవరు చూస్తరు?

ఇవన్నీ పట్టుకుని పోయిన చలికాలం పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. సెక్రటరీ కుర్రాడు ఓపిగ్గా విన్నాడు. "పెట్టుడు పెద్ద పని కాదు సార్. పెట్టినంక దాన్ని రోజూ ఎవరు చూస్తరు?" అన్నాడు. అప్పుడు చిరాకేసింది. తరువాత ఆలోచిస్తే అసలు ప్రశ్న అతనే అడిగాడు.

బెల్ రాక్ కట్టడానికి నాలుగేళ్లు పట్టింది. వెలిగించడానికి 1811 నుంచి 1988 దాకా, యంత్రాలకు అప్పగించేవరకు, మనుషులు ఆ గుట్ట మీదే ఉన్నారు. 177 ఏళ్లు. వారాల తరబడి ఇంటి ముఖం లేదు. 1813లో ఆర్బ్రోత్ ఒడ్డున వాళ్ల కుటుంబాల కోసం సిగ్నల్ టవర్ కట్టారు, ఇప్పుడది మ్యూజియం. స్తంభం మీది కాపలాదారుకు బిడ్డ పుడితే, ఆ టవర్ మీద మగపిల్లవాడైతే ప్యాంటు, ఆడపిల్ల అయితే లంగా ఎగరేసేవారని చెబుతారు. నడి సముద్రం నుంచి దుర్భిణితో చూసి తండ్రి తెలుసుకోవాలి. కట్టిన ఇంజనీర్ల పేర్లు అందరూ రాశారు. గాజు తుడిచి, నూనె పోసి, పొగమంచు రాత్రుల్లో గంట మోగించిన ఈ తండ్రుల గురించి రాసింది తక్కువ. మా దగ్గర కూడా వంతెనకు కొబ్బరికాయ కొట్టిన ఫోటో ఉంటుంది, దాని మీది బురద ఎత్తినవాళ్ల ఫోటో ఎక్కడా ఉండదు.

ఈ ఎండాకాలం బావా నేనూ హనుమకొండలో పాత ఇనుప పైపులు ఎనిమిది కొన్నాం. అడుగు అడుగుకూ ఎర్ర రేడియం స్టిక్కర్ ఒకటి, తెల్లది ఒకటి చుట్టించాం. నీళ్లు వంతెన మీద ఎంత ఎత్తున ఉన్నాయో లైటు పడగానే తెలియాలని. పంచాయతీ వాళ్లు సిమెంటు ఇచ్చారు, సెక్రటరీ స్వయంగా వచ్చి నిలబడ్డాడు. హోటల్లో ఆ మాట అన్నాయనే గుంతలు తవ్వాడు. వంతెనకు అటు నాలుగు, ఇటు నాలుగు.

జులైలో మొదటి వరదకే కింది వైపు రెండు పైపులు ఊడిపోయాయి. అంచు మీద సిమెంటు పోసి నిలబెట్టామే తప్ప రాయిలోకి దించలేదు. బెల్ రాక్ మీద ఒక్కో కొయ్యకాలికి గుంత తొలవడానికి వాళ్లు ఎన్ని పోట్ల మధ్య ఎంత కష్టపడ్డారో చదివి కూడా మేం ఆ పని తేలిగ్గా తీసుకున్నాం.

మొన్న తాత కోడలి ఫోన్ నుంచి మాట్లాడాడు. నీళ్లు తగ్గాక మిగిలిన ఆరు పైపుల మీది బురద బకెట్టుతో కడిగానన్నాడు. పైపులు ఉన్నాయి కదా, ఇంక వానలో నిలబడకు తాతా అంటే, "అవి ఉంటయ్, నేనూ ఉంట" అన్నాడు. ఇంకో రెండు పైపులు తెమ్మన్నాడు. ఈసారి డ్రిల్లింగ్ మిషన్ తీసుకుని రమ్మన్నాడు, రాయిలోకి జానెడు లోతు దించాలట. ఆదివారం వెళ్తున్నాం.